కదిలిన చెయ్యి

ఆ యూనివర్సిటీ ఫోటోగ్రఫీ విభాగంలో ఒక దిక్కుమాలిన నియమం ఉంది. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరి ఫోటోలు గోడకు పెడతారు. మిగతావాళ్ళంతా వాటి ముందు నిలబడి నోటికొచ్చింది మాట్లాడతారు. తీసినవాళ్ళు మాత్రం ఆ మాటలన్నీ అయ్యేదాకా కిక్కురుమనకూడదు. ఫోటో తనంతట తనే మాట్లాడాలట. ఫోటోకే నోరుంటే మధ్యలో ఈ ప్రొఫెసర్లు దేనికో, ఆ నియమం పెట్టిన మహానుభావుడికే తెలియాలి.

బుజ్జమ్మ అక్కడ చివరి ఏడాది చదువుతోంది. అది ఇంట్లో పిలిచే పేరు. పట్టా రావాలంటే ఏడాదంతా ఒకే విషయం మీద ఫోటోలు తీసి, ఆఖర్న జరిగే ప్రదర్శనలో పెట్టాలి. ఆమె వాళ్ళ నాన్నను ఎంచుకుంది. ఆయన పేరున్న ఒక సూట్ల దుకాణంలో కటింగ్ మాస్టర్. కుట్టేవాళ్ళు వేరే ఉంటారు. బట్ట మీద సుద్దతో గీత గీసి కత్తిరించడం వరకే ఆయన పని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, కత్తెర తప్పితే ఆ ఖరీదైన బట్ట మసిగుడ్డకు తప్ప దేనికీ పనికిరాదు. అందుకే దుకాణంలో ఓనరు తర్వాత ఓనరంతటి మర్యాద ఆయనకే.

అలాంటి మనిషికి పోయిన చలికాలంలో కుడి చెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు మాత్రలు రాశాడు, తగ్గుతుందని మాత్రం అనలేదు. సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఆయన అందరికన్నా ముందే దుకాణానికి వెళ్ళి, మణికట్టు బల్లకు ఆనించుకుని, ఒక్కడే ఉన్నప్పుడు కత్తిరింపంతా ముగించేవాడు. నలుగురు చూస్తుంటే వణుకు మరీ ఎక్కువవుతుంది. ఓనరు మేనల్లుడు ఈమధ్యే పని నేర్చుకుని వచ్చాడు. ఆ బల్ల చుట్టూ ఊరికే తచ్చాడుతుంటాడు. సంగతి బయటపడిందా, కత్తెర ఆ కుర్రాడి చేతికి పోతుంది. కత్తెర పోయాక ఆ దుకాణంలో నాన్నకు మిగిలేది ఏముంటుందో బుజ్జమ్మ ఊహించుకోను కూడా ఇష్టపడేది కాదు.

తెలిసి తెలిసి ఆయన్నే ఎందుకు ఎంచుకుందంటారా? ఎంచుకున్నప్పుడు ఆ చెయ్యి బాగానే ఉంది. తర్వాత విషయం మార్చుకుంటానంటే చివరి ఏడాదిలో కుదరదు పొమ్మన్నారు. సరే, దానికీ ఒక ఉపాయం కనిపెట్టింది. ఫ్లాష్ కొట్టి తీస్తే కదిలేది ఏదైనా ఆ క్షణానికి ఆగిపోయినట్టే పడుతుంది. అప్పట్నుంచీ అన్నీ ఫ్లాష్‌తోనే తీసింది. ప్రతి ఫోటోలోనూ నాన్న చెయ్యి బల్ల మీద బుద్ధిగా కూర్చుంది.

ఆ ఫోటోలంటే నాన్నకు ప్రాణం. భోజనాలయ్యాక అడిగి మరీ తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసుకునేవాడు.

“చూశావటే, ఇందులో ఎంత కుదురుగా ఉందో,” అని భార్యకు చూపించేవాడు. “నేను అనుకుంటున్నంత వణుకు లేదేమోలే.”

అది ఫ్లాష్ మహిమ నాన్నా అని చెప్పడానికి బుజ్జమ్మకు నోరు రాలేదు. ఆ సంతోషాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోవడం ఎందుకనుకుంది. అక్కడే తప్పు చేసింది పిచ్చిపిల్ల.

ఆ ఫోటోలు చూసి పెదవి విరిచినవాడు ప్రొఫెసరు. పిల్లలంతా ఆయన్ని గడ్డం సారు అంటారు. చెడ్డవాడేం కాదు గానీ, తన కంటికి ఆననిది లోకంలో ఏదీ ఉండదని ఆయన గట్టి నమ్మకం. ఇవి దుకాణం వాళ్ళు అచ్చేసుకునే ప్రకటనల్లా ఉన్నాయన్నాడు. కత్తెర ఉంది, బట్ట ఉంది, మనిషేడీ అన్నాడు. ఫ్లాష్ అవతల పారేసి, కెమెరాను స్టాండు మీద పెట్టి, కిటికీ వెలుతురులో నిదానంగా తీసుకురమ్మన్నాడు. లేకపోతే ప్రదర్శనలో నీకు గోడ లేదని తేల్చేశాడు. గోడ లేదంటే పట్టా లేదు.

దుకాణానికి సెలవు రోజు చూసుకుని తండ్రీకూతుళ్ళు వెళ్ళారు. తాళం నాన్న దగ్గరే ఉంటుంది. లోపల కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని మీద బూడిదరంగు ఉన్ని బట్ట, సుద్దముక్కలు, టేపు. ఫ్లాష్ లేకుండా ఆ వెలుతురుకి షట్టర్ అర సెకను తెరిచి ఉంచక తప్పదు. ఆ అర సెకనులో ఏది కదిలినా ఫోటోలో చెరిగిపోతుంది. బుజ్జమ్మ ముందు ఆయన్ని చేతులు బల్ల కిందకు పెట్టుకోమంది. కొన్ని అలా తీసింది. ఆయనకు నచ్చలేదు.

“కటింగ్ మాస్టర్ చేతులు కనపడకపోతే ఎవరో అప్పులవాడు వచ్చి కూర్చున్నట్టుంటుందమ్మా. నీ కెమెరాలో నా చెయ్యి ఎప్పుడూ బాగానే పడుతుందిగా. తియ్యి.”

ఏమని చెబుతుంది? ఆయన తృప్తి కోసం ఒక్కటి తీసి పక్కన పెట్టేద్దాం అనుకుంది. నాన్న కత్తెర పట్టుకుని, మణికట్టు బల్లకు నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి కెమెరా వైపు చూశాడు. కూతురి కోసం ఆ చేతిని ఆపాలని ఆయన పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. షట్టర్ తెరుచుకుంది, మూసుకుంది. “కదల్లేదు కదూ?” అన్నాడు. కదల్లేదు నాన్నా అంది.

యూనివర్సిటీలో ఫోటోలు కడిగే చీకటి గదిలో, ఎర్ర దీపం కింద, మందునీళ్ళ తొట్టిలో ఆ ఫోటో నెమ్మదిగా తేలి వచ్చింది. బట్ట నేత పోగు పోగునా కనిపిస్తోంది. టేపు మీద అంకెలు చదువుకోవచ్చు. నాన్న కళ్ళలో కిటికీ చువ్వలు కూడా పడ్డాయి. కుడి చెయ్యి ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి పొగ ఉంది. బుజ్జమ్మ గబుక్కున వెనక్కి తిరిగి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకుంది. ఆ వెంటనే ఇంకోటి కూడా అయింది, దాన్ని దాచడం దేనికి, సంతోషమేసింది. ఇంత మంచి ఫోటో తను ఇంతవరకు తీయలేదు, ఇక ముందు తీస్తుందన్న నమ్మకమూ లేదు. చింపేయాల్సింది. చేతులు రాలేదు. ఆరాక ఇంటికి తీసుకెళ్ళి ఎక్కడైనా దాచుకుందామని, మిగతావాటితో పాటు తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీసింది.

ఆ మందపాటి కాగితం ఆరాలంటే మర్నాటిదాకా ఆగాలి. మర్నాడు శుక్రవారం. శుక్రవారం పొద్దున్నే గది చూసుకునే అటెండరు తీగ మీదున్నవన్నీ తీసి క్లాసు గోడకు పిన్నులు గుచ్చేస్తాడు. అది అక్కడ ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఈ పిల్లకూ తెలుసు. నేను ముందే వెళ్తాగా అనుకుంది. ఆ వారం గోడ తనదే, పైగా పరీక్షకులు వస్తున్నారని అటెండరు ఇంకా ముందే వచ్చాడు. ఈవిడ వెళ్ళేసరికి తీగ ఖాళీ.

పరుగున క్లాసులోకి వెళ్ళింది. అందరూ ఆ ఒక్క ఫోటో ముందే మూగి ఉన్నారు. బయటినుంచి పరీక్షకులుగా వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కూడా ఉన్నారు. బుజ్జమ్మ నోరు తెరవబోతే గడ్డం సారు పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించాడు.

ఇక వాళ్ళు మొదలుపెట్టారు. ఆహా ఆ చేతి వేగం అన్నారొకరు. జీవితమంతా చేసిన పని ఆ వేగంలోకి దిగిందన్నారు ఇంకొకరు. కెమెరాకే అందనంత చురుకైన చెయ్యి, దాని పక్కన ఆ నిశ్చలమైన మొహం, ఏం పొందిక అన్నారు. ఆకాశానికెత్తేశారు. ఒక్కరంటే ఒక్కరికి అది వణుకేమోనన్న అనుమానం రాలేదు. బుజ్జమ్మ గోళ్ళు అరచేతుల్లోకి దిగబడిపోతున్నాయి. కాదనాలి. కాదంటే మరి ఏమిటంటారు. ఏమిటో చెప్పడమంటే నాన్న గుట్టు తన చేత్తో తనే బజారులో పెట్టడం. నియమం లేకపోయినా ఆ పూట ఆ పిల్లకు నోరు పెగిలేది కాదు.

చివరికి గడ్డం సారు ఇప్పుడు నువ్వు మాట్లాడు అన్నాడు.

“ఈ ఫోటో వద్దు సార్. తీసేస్తాను.”

“ఎందుకు?”

బుజ్జమ్మ ఆయన మొహంలోకి చూసింది, నేల వైపు చూసింది. అంతా దాన్ని అణకువ అనుకుని నవ్వారు. గడ్డం సారు భుజం తట్టి, దీనికి ‘వేగం’ అని పేరు తనే పెట్టాడు. ప్రదర్శన పోస్టరు మీదకు కూడా ఇదే వెళ్తుందన్నాడు.

పోస్టర్లు బస్టాపుల్లో పడ్డాయి. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత, ఫోటో బాగుందమ్మా అన్నాడు. అంతే. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ పాత ఫోటోలు తెమ్మని అడగలేదు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. నీ చదువు మండిపోను, ఇంట్లో మనిషిని వీధి గోడలకు అంటించి వచ్చావుటే అని కడుపులో ఉన్నదంతా కక్కేసింది. బుజ్జమ్మ పడింది. పడక ఏం చేస్తుంది, అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

దుకాణం ఓనరుకైతే కాలు నేల మీద నిలవలేదు. తన దుకాణం ఊరంతా గోడలెక్కింది మరి. ప్రదర్శన మొదటి రోజే కొత్త సూటు వేసుకుని వచ్చి, గడ్డం సారు చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలాడు. ఫోటో ఏముంది సార్, ఒకసారి మా దుకాణానికొచ్చి ఆ వేగం కళ్ళారా చూడండి అన్నాడు. పరీక్షకులను కూడా పిలిచాడు. నాన్నకు ఒంట్లో బాగాలేదండీ అని బుజ్జమ్మ మధ్యలో దూరింది. పొద్దున బాగానే ఉన్నారే అని ఓనరు నవ్వేశాడు.

ఇంటికెళ్ళి చెప్తే సెలవు పెట్టేయమంది అమ్మ.

“రేపు పెడతాను. ఎల్లుండి వస్తారు. ఎన్నాళ్ళని పెట్టను?” అన్నాడు నాన్న.

మర్నాడు దుకాణం నిండిపోయింది. కుట్టేవాళ్ళు మిషన్లు ఆపేసి లేచి నిలబడ్డారు. మేనల్లుడు అందరికీ టీలు అందిస్తున్నాడు. గడ్డం సారు, పరీక్షకులు బల్లకు ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. బుజ్జమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. బల్ల మీద ఎవరో పెళ్ళికొడుకు సూటు బట్ట పరిచి ఉంది. గీతలు పొద్దున్నే గీసి ఉంచినట్టున్నాడు నాన్న.

“ఏదీ మాస్టరుగారూ, కానివ్వండి,” అన్నాడు ఓనరు.

నాన్న కత్తెర తీసుకున్నాడు. మణికట్టు బల్లకు ఆనించాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకున్నాడు. అయినా లాభం లేకపోయింది. కత్తెర అంచు బల్లకు తగిలి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మిషన్లన్నీ ఆగి ఉండడంతో అది గది చివరిదాకా వినిపించింది. మొదట్లో ఒకరిద్దరు అదేదో ఆరంభ విన్యాసం అనుకుని నవ్వుమొహంతోనే చూశారు. ఆయన కత్తెరను గీత మీదికి తెచ్చాడు. అది గీత మీద నిలవలేదు. ఆ బట్ట వైపు ఒకసారి చూసి, కత్తెర మూసి పక్కన పెట్టేశాడు.

“ఓనరుగారూ, పరాయివాళ్ళ బట్ట పాడుచేయలేనండి. అది వేగం కాదు, వణుకు. చలికాలం నుంచీ ఉంది. ఇన్నాళ్ళూ మీకు చెప్పకపోవడం నాదే తప్పు.”

ఓనరు దయగలవాడే పాపం, కోప్పడలేదు. దగ్గరికొచ్చి, ఎంత పనైంది మాస్టరుగారూ, రేపట్నుంచి మీరు కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు బట్టలు చూపిద్దురుగాని అన్నాడు. మేనల్లుడు టీ పళ్ళెం కింద పెట్టి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. నాన్న పక్కకు జరిగి చోటిచ్చాడు. బుజ్జమ్మకు వెళ్ళి ఆ కుర్రాణ్ణి అవతలికి నెట్టేయాలనిపించింది. నెట్టి ఏం చేస్తుంది?

బయటికొచ్చేటప్పుడు గడ్డం సారు ఆమె పక్కన ఆగాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నాడు. ఇప్పుడు ఆ ఫోటో ఇంకా గొప్పదైపోయిందన్నాడు. పేరు మార్చేద్దాం, పరీక్షకులిద్దరూ కూడా అదే అంటున్నారు, ఈ ఏడాది మొదటి స్థానం గురించి ఇక ఆలోచించాల్సిన పనే లేదు అన్నాడు. బుజ్జమ్మ ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు. ఆయన దాన్ని కూడా అణకువే అనుకున్నాడు కాబోలు.

తండ్రీకూతుళ్ళు బస్టాపుకి నడిచారు. నాన్న కుడి చెయ్యి జేబులో పెట్టుకోలేదు. ఇక ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదుగా, దానిష్టానికి దాన్ని వదిలేశాడు. బస్టాపు బెంచీ మీద కూర్చుని బస్సు కోసం చూస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు హడావుడిగా ఆమె వైపు తిరిగాడు.

“బుజ్జమ్మా, వాళ్ళ ముందు అలా చెప్పేశాను. మీ సారు నీకు మార్కులు తగ్గించరు కదా?”

“తగ్గించరు నాన్నా.” ఆ తర్వాతి మాట బస్సు వచ్చే వైపు తిరిగి అంది. “పెంచుతారట.”

“హమ్మయ్య,” అన్నాడు నాన్న.