అంగీ భుజంలో దూది

పెనం మీద ఉప్పు చిటపటలాడగానే దాన్ని పాత పంచె ముక్కలో పోసి మూట కట్టాను. నాయిన బనీను విప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మూటను ముందు నా ముంజేతికి ఆనించి వేడి చూసుకుని, తర్వాత ఆయన కుడి భుజం దగ్గర, ఎముక అతికిన చోట మెల్లగా అద్దాను. స్కూటర్ మీద నుంచి పడి మెడ కింది ఎముక విరిగినప్పటి నుంచి రోజూ పొద్దున కాపడం పెట్టడం నా పని.

"కాలుతుందా నాయినా?"

"నన్నడుగుతున్నవ్. నీ చేతులు సూడు ఎట్ల ఎర్రగైనయో" అన్నాడు.

నాయిన పేరు లక్ష్మయ్య. మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, మెదక్‌లో ఒక బ్యాంకులో గార్డుగా చేరాడు. లైసెన్సు రైఫిల్ ఆయన సొంతం. నేను కుల్చారం బడిలో పది పూర్తి చేసిన ఏడాది ఇక్కడ ఇల్లు కిరాయికి తీసుకున్నాం. గార్డులందరూ ఏడాదికోసారి ఫైరింగ్ రేంజికి వెళ్లి కాల్చి చూపాలి. ఐదు గుండ్లలో మూడు టార్గెట్‌కు తగలాలి. తగలకపోతే రైఫిల్ పోలీస్ స్టేషన్‌లో అప్పగించి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఈసారి అది శనివారం నాడు వచ్చింది.

ఎముక అతికిందని దవాఖానలో చెప్పారు. అది నిజమే. కానీ నేను రోజూ ఒకటి చూస్తున్నాను. నాయిన ఖాళీ రైఫిల్‌ను గోడ మేకుకు గురిపెట్టేవాడు. నేను గొట్టం చివర రూపాయి బిళ్ళ నిలబెట్టేదాన్ని. ట్రిగ్గర్ నొక్కినప్పుడు బిళ్ళ పడకూడదు. స్కూటర్ మీద నుంచి పడకముందు కూడా ఈ సాధన చేసేవాడు, అప్పుడు బిళ్ళ కదిలేది కాదు. ఇప్పుడు 'టక్' మనకముందే కింద పడుతోంది. వేలు కదలకముందే ఆయన కన్ను మూసుకుపోతోంది. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బను భుజం ముందుగానే తలుచుకుంటోంది. నేను బిళ్ళ ఏరి మళ్ళీ పెట్టేదాన్ని.

ఆ వారం యోసేపు కాక తూప్రాన్ నుంచి బస్సులో వచ్చాడు. మిలిటరీ వర్క్‌షాపులో తుపాకులు బాగు చేసినవాడు, నాయినకు తమ్ముడిలాంటివాడు. సంచిలోంచి అరచేయంత ఇనుప బిళ్ళ ఒకటి తీశాడు. అందులో స్ప్రింగులున్నాయి, పక్కన చిన్న మర ఉంది.

"గిదేంది?" అన్నాడు నాయిన.

"బఫర్. భుజానికి ఆనే ఈ రైఫిల్ మడమకు, దాని చివర రబ్బరు ముక్కకు నడుమ బిగిస్తం. దెబ్బను ముందు గిది తింటది, మిగిలిందే నీకొస్తది."

"గివన్ని ముసలోల్ల సామాన్లు."

"అవునవును, నువ్వు నిన్న మొన్న పెండ్లయినోనివి. అంగీ ఇప్పు" అన్నాడు కాక.

లోపల రొట్టెలు చేస్తున్న అమ్మ నవ్వింది. కాక బఫర్ బిగించి, మడమను నాయిన భుజానికి ఆనించి, అరచేత్తో నెడుతూ మర తిప్పసాగాడు. నేను దగ్గర కూర్చుని చూశాను.

"సూడు కావ్యా. మరీ వదులు చేస్తే స్ప్రింగు మొత్తం కుంగి ఇనుముకు ఇనుము గుద్దుకుంటది, అప్పుడు దెబ్బ ఎక్కువ. మరీ బిగిస్తే ఉన్నా లేనట్టే. ఎవని భుజానికి తగ్గట్టు వానికి పెట్టాలె." సరిపోయిన చోట మర మీద తెల్ల రంగు చుక్క పెట్టాడు.

తర్వాత నేను రూపాయి బిళ్ళ పెట్టాను. గుండు లేని తుపాకీకి బఫర్ ఉన్నా లేకున్నా ఒకటే. అయినా ఆ పూట బిళ్ళ నిలిచింది.

శనివారం పొద్దున లేచేసరికి అమ్మ వెనక గుమ్మంలో కూర్చుని ఉంది. ఒడిలో నాయిన ఖాకీ అంగీ, పక్కన మూల విప్పిన దిండు. దిండులోంచి తీసిన దూదిని పాత గుడ్డలో పరిచి, అంగీ కుడి భుజం లోపల తెల్ల దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేస్తోంది.

"ఆ ఇనుప దాని మీద నాకు నమ్మకం లేదు. మీ నాయినకు చెప్పకు, నన్ను ముసలోన్ని చేస్తున్నవా అంటడు" అంది.

సరే అన్నాను. అంగీ తొడుక్కున్నప్పుడు నాయిన చెయ్యి భుజం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత గుండీలు పెట్టుకున్నాడు.

స్కూటర్ నేనే నడిపాను. కాక తూప్రాన్ నుంచి నేరుగా రేంజికి వచ్చాడు. గార్డులతో వచ్చినవాళ్ళను తాడు కట్టిన చోట ఆపారు. ముందు ఐదు గుండ్లు అలవాటు కోసం, తర్వాతి ఐదే లెక్కలోకి వస్తాయి.

మొదటి ఐదింటిలో ఒక్కటే తగిలింది. పేలిన ప్రతిసారీ మడమ నాయిన భుజం మీద నుంచి చేతి వైపు జారడం తాడు దగ్గర నుంచే కనబడుతోంది. ఆయన ఎడమ చేత్తో అంగీ సర్దుకుంటున్నాడు. నడుమ విరామం ఇచ్చారు. నాయిన మా దగ్గరికి వచ్చాడు. కాక మర బిగించి నెట్టి చూశాడు, వదులు చేసి చూశాడు. కాక నుదుటి మీద చెమట పట్టింది.

"ఇంట్ల సక్కగ కూసున్నది గదా. ఇప్పుడేమైందో సమజైతలేదు" అన్నాడు.

అమ్మకు ఇచ్చిన మాట ఒకవైపు, నాయిన రైఫిల్ ఒకవైపు.

"కాకా, మర తప్పు కాదు. అంగీ లోపల దూది ఉంది. అమ్మ కుట్టింది. మడమ దాని మీద జారుతుంది."

కాక మర మీద నుంచి చెయ్యి తీసి నాయిన వైపు చూశాడు. "నీకు ఎరుకనా లచ్మన్నా?"

"భుజం మీద మెత్త పెట్టుకొని ఎరుక లేదంటనా."

"మరి చెప్పవేందే? ఒట్టిగ మర తిప్పుకుంట పరేషాన్ అయితున్న."

నాయిన టార్గెట్ల వెనకున్న మట్టి కట్ట వైపు చూశాడు. "చీకట్ల లేచి కుట్టింది" అన్నాడు.

కాక సంచిలోంచి చిన్న కత్తెర తీసి నాకిచ్చాడు. నాయిన అంగీ విప్పి ఇచ్చాడు. గుడ్డ చిరగకుండా ఒక్కొక్క కుట్టూ తెంపి, దూదిని చేతిరుమాలులో చుట్టి పెట్టుకున్నాను. కాక మరను తెల్ల చుక్క దగ్గరికి తెచ్చి ఆపాడు.

నాయిన మళ్ళీ పడుకుని గురి చూశాడు. ఈసారి నేను టార్గెట్ చూడలేదు, ఆయన ముఖమే చూశాను. మొదటి గుండుకు కన్ను మూతపడింది. రెండోదానికి సగం మూతపడింది. మూడోదానికి పడలేదు. మడమ భుజం వదలలేదు. ఐదూ అయ్యాక ఇన్‌స్పెక్టర్ సారు టార్గెట్ దగ్గరికి వెళ్లి వచ్చి, "లక్ష్మయ్య, నాలుగు. పాస్" అన్నాడు.

కాక ముందుగా నాయిన భుజం తడిమాడు. "నొచ్చిందా?"

"కొట్టినట్టు లేదురా. ఎవరో తోసినట్టున్నది, గంతే" అన్నాడు నాయిన. అంటూ కాక చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ దూది పడేసినవా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు నాయినా, ఉంది."

"మళ్ళ కుట్టు. ఇంటికి పోంగనే మీ అమ్మ తడిమి చూస్తది."

రైఫిల్ పట్టీలు కుట్టే లావు సూది, ఖాకీ దారం కాక సంచిలో ఉన్నాయి. స్కూటర్ నీడలో కూర్చుని కుట్టాను. ఆ సూదితో చిన్న కుట్లు ఎంత ప్రయత్నించినా పడలేదు.

"ఎవరన్న చూస్తే లచ్మన్న అంగీకి ఆపరేషన్ అయిందనుకుంటరు" అన్నాడు కాక. నాయిన పెద్దగా నవ్వాడు. పడినప్పటి నుంచి ఆయన అలా నవ్వడం వినలేదు.

ఇంటికి రాగానే అమ్మ పాస్ అయ్యాడా అని అడగలేదు. "నొచ్చిందా?" అంది, చెయ్యి అప్పటికే అంగీ మీద ఉంది.

"నొయ్యలే. మస్తు మెత్తగున్నది" అన్నాడు నాయిన.

"అయితే నీకు ముందే ఎరుకైందా?"

"ఎరుకైంది. మంచిదే అనుకున్న."

కాక చాయ్ తాగుతూ, "నా బఫర్‌కు నీ దూది తోడు ఉండె వదినా, అందుకే నాలుగు తగిలినయ్" అన్నాడు. తన పనిలో సగం పేరు అలా అమ్మకు ఇచ్చేసి బస్సు ఎక్కాడు. బస్టాండులో ఆయనకు కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కిటికీ పక్కన సీటు దొరికిందా లేదా అని చూసి వచ్చాను.

ఆదివారం అమ్మ బట్టలు ఉతికింది. ఖాకీ అంగీని నాకివ్వలేదు, తనే ఉతికి, తనే ఇస్త్రీ చేసింది.

సోమవారం నాయిన డ్యూటీలో చేరాలి. కాపడం పెట్టి మూట విప్పేసరికి ఆయన అంగీ తొడుక్కుంటున్నాడు. చెయ్యి భుజం దగ్గర ఆగింది. నేనూ చూశాను. అక్కడ దూది లేదు. నా ఖాకీ కుట్లు లేవు. తన చిన్న తెల్ల కుట్ల చోట ఆ లావు కుట్లు చూసి, ఉతికేటప్పుడే అమ్మకు తెలిసిపోయి ఉంటుంది. గుడ్డ మీద సూది పోయిన సన్నటి రంధ్రాలు మాత్రం వరసగా ఉన్నాయి. మంచం మీద దిండు మూల తెల్ల దారంతో మళ్ళీ కుట్టి ఉంది.

నాయిన అమ్మ వైపు చూశాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టె తిప్పుతోంది. తల ఎత్తలేదు. "డబ్బ కట్టిన, తల్వాకిట్ల పెట్టిన" అంది రొట్టెతో చెప్పినట్టు.

రోజూ గడప దగ్గర "పోయొస్త" అనడం ఆయనకు అలవాటు. ఆ రోజు గడప దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. ఎడమ చేత్తో అన్నం డబ్బా తీసుకున్నాడు. రైఫిల్‌ను కుడి భుజానికి తగిలించుకుని, "పోయొస్త" అనకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.