గరిటె కాడ

అతను కడ్డీ నడుం కింద చిన్న జాకీ పెట్టి, దాని మరను వేలికొసలతో తిప్పుతూ, కడ్డీని తాకీ తాకనట్టు తాకేదాకా పైకి లేపాడు. ఎక్కువ లేపితే కడ్డీ నడుం పైకి వంగుతుంది. తక్కువైతే ఇనుముని కోసే కట్టర్ దిగగానే కిందికి కుంగుతుంది. కడ్డీది మనిషి నిలువెత్తు పొడవు, బొటనవేలంత లావు. ఇంత సన్నటి ఇనుముకి ఇంత పొడవు ఎందుకు పెట్టాడో ఆ బొమ్మ గీసినవాడికే తెలియాలి. ఏదో అచ్చుయంత్రం లోపల తిరుగుతుందట. ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక వైపు గాడి తీయాలి, తిప్పి వేసి రెండో వైపూ అలాంటిదే తీయాలి.

కొత్తవాళ్లు ఇలాంటి కడ్డీ చేతికి రాగానే పగబట్టినట్టు క్లాంపులు బిగించేస్తారు. బిగింపులో ఉన్నంతసేపూ అది బుద్ధిమంతుడిలా నిటారుగా ఉంటుంది. పని అయిపోయి నట్లు వదలగానే నడుం లేపి వంకర పోతుంది. అందుకని అతను కొంచెం కోసి ఆగుతాడు. క్లాంపులన్నీ వదులు చేసి, లోపలి బిగువుని బయటికి పోనిచ్చి, మళ్లీ మెల్లగా బిగిస్తాడు. "దాన్ని అలుపు తీర్చుకోనివ్వాలి" అంటాడు. ఆ మాటకి షెడ్డులో అందరూ నవ్వుతారు. నవ్వినా సరే, సన్నటి పని వచ్చిందంటే తెచ్చి అతని టేబుల్ మీదే పడేస్తారు.

షెడ్డులో అతని పేరు ఈల. పనిలో చేరిన కొత్తలో జాకీ పెట్టడం మరిచిపోయి మిల్లింగ్ మిషను నడిపాడు. ఆసరా లేని కడ్డీ కట్టర్ కింద వణికి ఈల వేసింది. వీధిలో కుక్కలు కూడా మొరిగాయని చెప్పుకుంటారు, అందులో సగం కోతలే అనుకోండి. ఆ తర్వాత అతని చేతి కింద ఏ కడ్డీ ఈల వేయలేదు. జుట్టు నెరిసింది, వీపు కొంచెం వంగింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఏ కడ్డీ అయినా ఈల వేసినా అతనికి వినపడదు.

మొదట సన్నటి చప్పుళ్లు పోయాయి. పాలు పొంగడం, తాళంచెవి తిరగడం. తర్వాత ఆడవాళ్ల మాటలు పోయాయి, కొన్నాళ్లకి మగవాళ్లవీ పోయాయి. చెవి లోపలి చిన్న ఎముక ఏదో బిగుసుకుపోయిందని, ఈ వయసులో ఇక వదలదని డాక్టరు గుప్పిట బిగించి చూపించాడు. అతను తల ఊపి బయటికొచ్చాడు. వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

షెడ్డులో క్రేనుకి వేలాడుతూ బరువులు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఒకసారి గ్రైండింగ్ మిషనాయనకి వెనక నుంచి వేసిన కేక వినపడక కాలు నుజ్జయింది. ఆ రోజు నుంచి ఓనరుది ఒకటే మాట. చెవులు పనిచేయనివాళ్లు మిషను దగ్గర నిలబడకూడదు. సబబైన మాటే, కాదనడానికి లేదు. సబబైన మాటల వల్ల కూడా కొంపలు మునుగుతాయి. అతని భార్య మంచం దిగి చాలా కాలమైంది. గుండె నీరసించింది, ఊపిరి బరువైంది. ఆవిడ మందులూ పాలూ, పగలు ఆవిడని కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడకి ఇచ్చేదీ, అన్నీ ఈ మిషను మీద నుంచే రావాలి. మిషను పోతే ఆవిడ కూడా పోతుందని అతని భయం. ఆ భయంతోనే పొద్దున లేస్తాడు, ఆ భయంతోనే పడుకుంటాడు.

అందుకని దాచాడు. చెవిటివాడు అనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడం నయమనుకున్నాడు. వెనక నుంచి పిలిస్తే పలకడని, ఈలకి ముసలితనంలో కొమ్ములొచ్చాయని షెడ్డు తీర్మానించేసింది. ఎదుటపడి మాట్లాడితే మాత్రం పెదాలు చూసి, మొహం చూసి, మిగతాది ఊహించి జవాబు చెప్పేవాడు. మనుషులు రోజూ అడిగేవి ఏపాటి ప్రశ్నలు గనక? చాలావరకు అతికిపోయేది. క్యాంటీన్ ఆవిడ టీలో పంచదార సరిపోయిందా అంటే "ఆదివారం కదా, సెలవే" అన్నాడొకసారి. ఆవిడ అది జోకనుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. టీ సగంలో వదిలేసి మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఫోర్‌మన్ అతని సొంత బావమరిది, భార్యకి తమ్ముడు. వాడికి పని నేర్పింది అతనే. శిష్యుడు పైవాడయ్యాడని ఇద్దరూ ఒకరినొకరు తెగ ఏడిపించుకునేవాళ్లు. పొద్దున రాగానే బావ వెనక నిలబడి ఈల వేయడం వాడి సరదా. బావ తిరిగి "నీ నోట్లో గ్రీజు కుక్కా!" అని తిట్టాలి. తిట్టు పడితే గాని వాడికి పొద్దు గడవదు. కొంతకాలంగా బావ తిరగడం లేదు. అక్కని చూడటానికి రావడం తగ్గించానని కోపం పెట్టుకున్నాడు కాబోలని వాడు కుమిలిపోయాడు. ఆ మొహమాటంతో రావడం ఇంకా తగ్గించాడు. ఈల వేయడం కూడా మానేశాడు.

"తమ్ముడికి చెప్పకండి" అంది భార్య. "వాడి కడుపులో మాట దాగదు. ఓనరుకి చెప్పకుండా ఉండలేడు, చెప్పి మన మొహం చూడలేడు. వాణ్ని నలిపేయొద్దు."

మరి కడ్డీ వణుకుతోందో లేదో తెలిసేదెలా? ఆ ఉపాయమూ ఆవిడ చలవే. అప్పటికింకా ఆవిడ వంటింట్లో తిరుగుతోంది. ఏదో కలుపుతూ రుచి చూడమని చెక్క గరిటె అతని నోటికందించింది. అతను దాన్ని పళ్లతో పట్టుకుని పక్కకి తిరిగేసరికి గరిటె కాడ రేడియో పెట్టెకి తగిలింది. అతను అదిరిపడ్డాడు. ఎవరో పాడుతున్నారు. పళ్లలోంచి, దవడలోంచి తలలోకి పాట వస్తోంది. విషయం అర్థమయ్యాక ఇద్దరూ పిచ్చివాళ్లలా నవ్వారు, నవ్వి నవ్వి ఆవిడ ఏడ్చేసింది. మర్నాడు గరిటె తల కోయించి కాడని అతని సంచిలో పెట్టింది. "గరిటె మీ చేతికొచ్చిందిగా, ఇక వంట కూడా మీదే" అంది.

షెడ్డులో దాని ఒక కొస కడ్డీకి ఆనించి, రెండో కొస పళ్లతో పట్టుకుంటాడు. కడ్డీ ఈల వేయబోయే ముందు సన్నటి జలదరింపు పుడుతుంది. అది పళ్లకి తెలియగానే చేతిచక్రం ఆపేసి జాకీ సరిచేస్తాడు. సిగరెట్టు మానేసి పుల్ల నములుతున్నాడని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

ఇంట్లో దాని కొసని భార్య మెడ కింది ఎముకకి ఆనించేవాడు. ఇక ఆవిడ మొదలుపెట్టేది. కిటికీలోంచి కనపడిన పిల్లి, పక్కింట్లో కీచులాట, ఎప్పుడో కొంటానని అతను కొనని కుట్టుమిషను. సహజంగా వాగుడుకాయ, జబ్బు ఆ గుణాన్ని ముట్టుకోలేకపోయింది. మధ్యలో ఊపిరి అందక ఆగేది. ఆ ఆగడం కూడా అతనికి పళ్లలో తెలిసేది. లోకంలో అతనికి మిగిలిన గొంతు అదొక్కటే.

ఈ పొద్దున అతను బయల్దేరుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఏదో అంది. మొహం సగం దిండులో కూరుకుని ఉంది, పెదాలు సరిగా కనపడలేదు. కాడ సంచి అడుగున, క్యారేజీ కింద ఉంది. "సాయంత్రం చెబుదువుగానిలే. ఈ కడ్డీ ఇవాళ అయిపోవాలి" అన్నాడు. ఆవిడ ఇంకాసేపు పట్టుకుని, వదిలేసింది. గుమ్మంలో పక్కింటావిడ ఎదురొచ్చి గబగబా ఏదో చెప్పింది. ఆవిడ ఎప్పుడూ కుళాయి గురించో, మురుగుకాలువ గురించో చెబుతుంది. "సరే సరే" అన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది, ఈసారి కాస్త కోపంగా. "అలాగేనమ్మా, సరే" అని మెట్లు దిగిపోయాడు.

దారి పొడవునా ఆ వదిలేసిన చెయ్యే గుర్తొచ్చింది. క్యారేజీ తీసి పక్కన పెట్టడానికి ఎంతసేపు పట్టేది? మిషను దగ్గర నిలబడ్డాక కూడా అదే గుర్తొచ్చింది. ఇలాంటి కడ్డీల్లో మిగిలింది ఈ ఒక్కటే, మిగతావన్నీ అవతలి షిఫ్టువాళ్లు వంకర చేశారు. ఇదీ పాడైతే ఓనరే దిగి వస్తాడు. వచ్చి పక్కన నిలబడి ప్రశ్నలు వేస్తాడు. అతనికి ప్రశ్నలంటేనే ఒళ్లు చల్లబడుతుంది.

కోశాడు, ఆగాడు, వదిలాడు, బిగించాడు. కడ్డీ పొడవునా గాడి మెరుస్తూ ముందుకి పాకింది. ఇనుప రజను కాలర్‌లో పడి మెడ మండింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. తొందరగా ముగిస్తే తొందరగా ఇంటికి పోవచ్చు, కాడ బయటికి తీసి, "ఇప్పుడు చెప్పు, పొద్దున ఏమన్నావు?" అని అడగొచ్చు. ఆవిడ ముందు కాసేపు అలుగుతుంది. అలగనీ. ఆ అలక ఊహించుకుంటే అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

మొదటి గాడి చివరికొచ్చింది. వంగి, కాడ పళ్లలో పెట్టుకుని, చేతిచక్రం తిప్పుతున్నాడు. వెనక నుంచి బావమరిది పిలిచాడు. మళ్లీ గట్టిగా పిలిచాడు. ఎన్నాళ్లుగానో వేయని ఈల కూడా వేశాడు. బావ తిరగలేదు. వాడు పరుగున చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

అతను మిషను ఆపాడు. కాడ నోట్లోంచి తీసి గుప్పిట్లో దాచుకున్నాడు. బావమరిది పెదాలు కదిలాయి. "అక్క" అన్నది తెలిసింది. ఆ తర్వాతి మాట వణికే పెదాల మీద ఏ ఆకారమూ పట్టలేదు. అక్క ఎలా ఉందని అడుగుతున్నాడు పాపం, ఎన్నాళ్లకో. అతనికి మనసు కరిగింది.

"బాగానే ఉందిరా. పొద్దున పాలు తాగింది."

బావమరిది అతని వైపు వెర్రిగా చూశాడు. మళ్లీ అదే మాట అన్నాడు.

"నీ గురించే అడుగుతుంటుంది. ఆదివారం రాకూడదూ? నిన్ను చూస్తే లేచి కూర్చుంటుంది."

బావమరిది అతని భుజాలు రెండూ పట్టుకుని కుదిపేశాడు. నోరు పెద్దగా తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి. పక్క మిషన్లవాళ్లు పని ఆపి ఇటు తిరిగారు. క్రేను ఆపరేటరు తల వంచుకున్నాడు. అప్పుడు గాని అతను బావమరిది కళ్లు చూడలేదు. వాడు అంటున్నది ప్రశ్న కాదని తెలిసింది. 

గుప్పిట తెరిచాడు. ఇన్నాళ్లూ ప్రాణంలా దాచినదాన్ని అందరి ముందూ బయటికి తీసి, కాడ కొసని బావమరిది మెడ కింది ఎముకకి ఆనించాడు. రెండో కొస పళ్లతో కరిచి పట్టుకున్నాడు.

"చెప్పు" అన్నాడు పళ్ల సందులోంచి.

"అక్క పోయింది బావా."

పళ్లలోంచి, దవడలోంచి వచ్చింది మాట. వాడి గొంతులో ఆవిడ గొంతు పోలిక ఉందని ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు.

"పక్కింటావిడ ఫోన్ చేసింది. పొద్దున్నే నీకు చెప్పిందంట కదా, ఊపిరి ఏదోలా ఉంది, ఇవాళ పనిలోకి వెళ్లొద్దు అని. నువ్వేమో సరే సరే అని..."

మాట అక్కడ ఆగిపోయింది. బావమరిది చూపు తన ఎముక మీది పుల్ల మీదికి, దాని వెంట బావ పళ్ల మీదికి, అక్కణ్ణించి చెవుల మీదికి పోయింది. తను వేసిన ఈలలన్నీ వాడికి ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి.

"ఎప్పట్నుంచి బావా?"

"అక్కకి తెలుసు" అన్నాడు అతను.

తర్వాత ఏం చేయాలో తోచక, చేతులకి తెలిసిన పని చేశాడు. కాడ కింద పడేసి, స్పానర్ అందుకుని క్లాంపులు ఒక్కొక్కటే వదిలాడు. ఒక వైపే గాడి పడిన కడ్డీ ఆఖరి నట్టు వదలగానే నడుం మెల్లగా పైకి లేపి వంగిపోయింది. అతను చూశాడు. ఇంకో రోజైతే గుండె ఆగిపోయేది. ఇప్పుడు స్పానర్ పక్కన పెట్టి టేబుల్ అంచు పట్టుకున్నాడు. బావమరిది వచ్చి అతని నడుం చుట్టూ చెయ్యి వేశాడు.

"పద బావా" అన్నాడు. వినపడదని గుర్తొచ్చి, అతను కింద పడేసిన కాడ తీసి చేతికందించాడు.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొద్దున ఆవిడ చెప్పబోయిన మాట ఏమిటో ఇక ఏ ఎముకా చెప్పదు.

"ఇంకెందుకురా" అని టేబుల్ మీద పెట్టేశాడు.

ఇద్దరూ నడిచి బయటికి వెళ్లారు.  క్రేను ఆపరేటరు వచ్చి, మిషను మీది దీపం ఆర్పి, దేన్నీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. వంగిన కడ్డీ పక్కన, ఇనుప రజనులో, గరిటె కాడ ఉండిపోయింది. దాని కొసన పళ్ల గాట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.