గోడ ఆగినంతకాలం

చీర పరచాలి. ట్యూబులైటు కింద కొంగు నుంచి కుచ్చిళ్ల దాకా చూపు నడిపించాలి. మచ్చ కనిపిస్తే స్టిక్కరు అంటించాలి, మడతపెట్టాలి, ఇంకోటి అందుకోవాలి. సూరత్‌లో ఖటోదరాలోని చీరల గోడౌన్‌లో హారతి ఏళ్ల తరబడి చేస్తున్న ఉద్యోగం ఇంతే. దాన్ని చెకింగ్ అంటారు. చీర బాగుందా, హారతి అనే మనిషి ఒకతి ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. మచ్చ ఒకటి కన్నుగప్పి మార్కెట్ దాకా వెళ్లిందా, ఇక ఆ రోజంతా గోడౌన్‌లో ఆమె పేరే మోగుతుంది. సాయంత్రం ఇంటికి భేస్తాన్ బస్సెక్కి కళ్లు మూసుకుంటే రెప్పల కింద కూడా పూల డిజైన్లే తిరిగేవి, ఆమె వాటిలోనూ మచ్చలు వెతికేది. ఛీ, ఇదేం బతుకు అనుకునేది. రోజూ అనుకునేది, రోజూ వెళ్లేది.

పక్క టేబుల్ దగ్గర ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోకపోతే ఇంకా అట్లాగే వెళ్తుండేదేమో. అందరూ నీళ్లు, నీళ్లు అని గోల పెడుతుంటే హారతి ఆ పిల్ల కాళ్లు ఎత్తి చీరల కట్ట మీద పెట్టి, మణికట్టు పట్టుకుంది. వేళ్లకు నాడి చటుక్కున దొరికింది. దొరక్కేం చేస్తుంది? నర్సింగ్ కోర్సు మూడేళ్లలో రెండేళ్లు చదివిన వేళ్లవి. ఆ రోజు ఇంటికొచ్చి, తన వేళ్లను తనే చూసుకుంటూ ఏడ్చింది.

ఆఖరి ఏడు ఎందుకు మానేసిందంటే, ఫ్లాటు కోసం. ఆమె కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో మామ సోమలింగం భేస్తాన్‌లో ఒక ఫ్లాటు మాట్లాడాడు. సిరిసిల్ల వదిలి వచ్చిన దగ్గర్నుంచీ సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ కిరాయి ఖోలీల్లో, ఒంటి గదుల్లో బతికిన మనిషి. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. సొంత గోడకు ఒక మేకు కొట్టుకుని చావాలని ఆయన కోరిక. అడ్వాన్సుకు తక్కువ పడితే కోడలి ఫీజు డబ్బులు అందులో కలిసిపోయాయి. మిగతాది బ్యాంకు అప్పు. నెలనెలా హప్తా కట్టాలి.

అప్పు మీద కొన్న ఇళ్ల సంగతి ఆ సొసైటీలో పసిపిల్లలకు కూడా తెలుసు. హప్తా తప్పితే ఇల్లు తగ్గుతుంది. నెల మొదట్లో ఒక పొద్దున, పాల పాకెట్ తెచ్చుకుని తిరిగొచ్చేలోపు ఏదో ఒక గోడ లోపలికి జరిగి ఉంటుంది. బ్యాంకువాళ్లు మనుషుల్ని పంపరు, తలుపులు బాదరు. వాళ్లకా ఖర్చెందుకు? కింది అంతస్తులో పరమేశ్ వాళ్లకు వంటగది ఎప్పుడో పోయింది, మెట్ల మీదే వండుకుంటారు. వెంకటవ్వ ఇల్లయితే తగ్గీ తగ్గీ బియ్యం డబ్బా అంత అయింది. దానికి తాళం వేసి, మెట్ల కింద పెట్టుకుని పక్కనే పడుకుంటుంది. అడిగినవాళ్లకు మాత్రం సొంతిల్లే అని చెప్తుంది.

అయితే ఆ గోడలకు మర్యాద తెలుసు, అది ఒప్పుకోవాలి. సామాన్లను తోసుకుంటూ వస్తాయి గాని మనిషిని తాకవు. అడ్డంగా ఎవరైనా పడుకుని ఉంటే, లేచి జరిగేదాకా ఓపిగ్గా ఆగుతాయి. జరగ్గానే వచ్చేస్తాయి.

"ఒక్క ఏడాదేనయ్యా," అంది హారతి మొగుడు రవీంద్రతో. "కాలేజీ మేడమ్ రమ్మన్నది. ఈసారి తప్పితే మళ్ల తీసుకోరట."

రవీంద్ర కూడా సాంచెల మీదే పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "మరి హప్తా?" అన్నాడు. "నా కూలి తిండికి, పిల్ల బడికే చాలుతలేదు. మార్కెట్ మందీల ఉన్నది, సేటు సగం సాంచెలు బంద్ పెట్టిండు. నువ్వు దాసుకున్నయి నీ ఫీజుకే పాయె. హప్తా ఎవడు కడ్తడే?"

మామూలుగా పక్కన బాంబు పేలినా వినపడని సోమలింగానికి ఈ మాట వినపడింది. "పోనియ్యిరా," అన్నాడు. "అప్పుడు ఆ పిల్ల ఫీజు గుంజుకున్నది నేను. ఇల్లు జర సన్నగైతది, గంతేగదా."

రవీంద్ర తల గోక్కున్నాడు. "సరే. ఇల్లు ఉన్నన్ని దినాలు సదువుకో. మనం మెట్ల మీదికొచ్చిన నాడు మాత్రం మళ్ల చెకింగ్‌కు పోవాలె. మాటనా?"

"మాట," అంది హారతి.

మొదట బాల్కనీ పోయింది. ఆరేసిన బట్టలు తీగతో సహా హాల్లోకి వచ్చాయి. తర్వాత పడకగది గోడ బీరువాను నెట్టుకుంటూ వచ్చి, వచ్చి, ఒకనాడు గదే లేకుండా చేసింది. వంటగది పొయ్యి వెడల్పుకు దిగింది. కూతురు మనోజ్ఞ హోంవర్క్ చేసుకోవడానికి మెట్ల కింద వెంకటవ్వ దగ్గరికి వెళ్లేది. "మీది ఇంకా హాల్ ఉన్నది బిడ్డా, అదృష్టవంతులు," అనేది వెంకటవ్వ.

ఇంట్లో ఇంత జరుగుతున్నా హారతికి సంతోషంగా ఉండేది. సిగ్గుపడుతూనే సంతోషపడేది. క్లాసులో పిల్లలు ఆమెను ఆంటీ అని పిలిచేవాళ్లు. వార్డు డ్యూటీలో ఒక ముసలమ్మకు సూది వేస్తే, ఆమె నొప్పే తెలియలేదని తల నిమిరి "జీతీ రహో బేటీ" అని దీవించింది. ఇన్నేళ్లలో చీరలు ఎవరైనా అన్నాయా ఆ మాట? బస్సులో కళ్లు మూసుకుంటే రెప్పల కింద పూలు లేవు. హాయిగా నిద్ర పట్టేది.

పరీక్షలు ఇంకా మూడు నెలలున్నాయనగా హాలు ఒక నిలువెత్తు మనిషి పొడవంత మిగిలింది. ఇంకొక్క జరుగు జరిగితే నలుగురూ బయటే. ఆ నెల మొదట్లో రవీంద్ర పాలకు వెళ్లి వచ్చేసరికి సోమలింగం హాలుకు అడ్డంగా చాప పరుచుకుని, తల ఈ గోడకు, అరికాళ్లు ఆ గోడకు ఆనించి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పొడుగు మనిషి, సరిగ్గా సరిపోయాడు.

"లే బాపూ, చాయ్ తాగు."

"నేను లేవ."

"ఏమైంది?"

"కోడలి పరీక్షలు అయ్యేదాక లేవ. బతుకంత నిలవడి సాంచెలు నడిపిన. ఇప్పుడు జర పండుకుంట. ఏమైతది?"

అందరూ నవ్వారు. గోడ నిజంగానే ఆగింది. పరమేశ్ పైకొచ్చి చూసి, "మా బాపు బతికుంటే మేము గూడ గిట్లనే చేస్తుంటిమి," అని మెచ్చుకుని వెళ్లాడు. సోమలింగానికి పడుకునే తిండి, పడుకునే స్నానం. నడుం కింద గుడ్డ మార్చే మేరకు గోడ ఊరుకునేది. ఒకసారి రవీంద్ర తండ్రి పక్కన తను పడుకుని, "జరసేపు నువ్వు కూసో బాపూ, నేనున్న గదా," అన్నాడు. ముసలాయన లేచి కూర్చున్నాడో లేదో గోడ జానెడు వచ్చింది. ఎవరి కోసం ఆగిందో వాళ్ల కోసమే ఆగుతుంది గాని, దానికి బదిలీ మనుషులు పనికిరారు. అప్పటినుంచి సోమలింగం మెడ వంచుకుని, ఆ జానెడు తక్కువలోనే పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

తర్వాత వారం క్లాసులో మంచం పట్టిన రోగుల పాఠం వచ్చింది. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి అని టీచరు చెప్పింది. తిప్పకపోతే ఎముక ఆనినచోట నెత్తురు ఆగిపోతుంది, చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. హారతికి మామ నడుం గుర్తొచ్చింది. మిగతా పాఠమేదీ చెవికెక్కలేదు.

ఇంటికొచ్చి, మామ నడుం కింద చెయ్యి దూర్చి చూసింది. వెన్నెముక కొసన రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కింది. పోలేదు.

"మామా, జర పక్కకు తిరుగు."

"ఎట్ల తిరుగుత బిడ్డా? తిరిగితే మోకాళ్లు ముడుసుకపోతయి. కాళ్లకాడ జాగైతది. జాగైతే అది వస్తది." సోమలింగం నవ్వుతూ గోడవైపు కళ్లెగరేశాడు. "నువ్వు సదువుకో పో."

రబ్బరు గ్లోవుల్లో నీళ్లు నింపి మడమల కింద పెట్టింది. పాత చీరలు చించి దూదిలా చేసి నడుం కింద పరిచింది. కాలేజీలో నేర్పినవన్నీ చేసింది, ఒక్కటి తప్ప. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ఒక్కటే. ఎరుపు నలుపైంది, నలుపు పగిలింది. అదే నెలలో కాలేజీ టెస్టులో హారతికి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ కాగితం మామకు చూపిస్తే ఆయన దాన్ని ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాడు. ఆమె మెట్ల మీదికెళ్లి నోట్లో కొంగు కుక్కుకుంది.

ఇంకో నెలలో పరీక్షలనగా ముసలాయనకు జ్వరం పట్టుకుంది.

"దవాఖానకు తీస్కపోదం," అన్నాడు రవీంద్ర.

"తీస్కపోతే ఇల్లు పోతది. ఇల్లు పోతే దాని సదువు పోతది," అన్నాడు సోమలింగం. "నెల దినాలు. అంతల సావను తియ్యి. నొప్పి గూడ లేదిప్పుడు."

రవీంద్ర ఆ మాటకు కాస్త తేరుకుని పనికి వెళ్లిపోయాడు. ఆ పుండు నొప్పి తెలియడం మానేసిందంటే లోపల కండ చచ్చిపోతోందని ఆ ఇంట్లో హారతికొక్కదానికే తెలుసు.

ఆ పొద్దున ఆమె తెల్ల యూనిఫాం వేసుకుంది, బూట్లు తొడుక్కుంది. వెళ్లేముందు మామ నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోసి, గుడ్డ మార్చబోయింది. వాసన ముందు వచ్చింది. గుడ్డ తీస్తే లోపల తెల్లగా ఎముక కనిపించింది. కింద ఎవరో సైకిల్ బెల్లు కొడుతున్నారు. బస్సు టైమైంది. వెళ్లిపోవచ్చు. ముసలాయన పొమ్మనే అంటున్నాడు, ఊళ్లో ఎవరూ తప్పు పట్టరు, నెల తిరిగితే పరీక్ష, పరీక్షయితే ఉద్యోగం, ఉద్యోగంతో హప్తా. అన్నీ ఆమెకు తెలుసు. గుమ్మం దాకా వెళ్లింది కూడా.

వెనక్కి వచ్చి బూట్లు విప్పింది.

"మామా, పక్కకు తిరుగు."

"తిరగ."

"తిరుగు మామా."

"నీకు దండం పెడ్త బిడ్డా. గింత దూరం వచ్చినంక ఆగం చెయ్యకే. నెల ఓర్చుకో."

ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి నడుం మీద వేసి, కాలేజీలో చూపించినట్టే, ఆమె ఆయన్ను తన వైపుకు తిప్పుకుంది. ఆయన గోడను కాళ్లతో తన్నిపట్టుకోబోయాడు. కాళ్లలో ఏముంది బలం? మోకాళ్లు ముడుచుకున్నాయి. గోడ చప్పుడు లేకుండా వచ్చి, ఆయన అరికాళ్ల దగ్గర మర్యాదగా ఆగింది.

పుండు కడిగింది, మందు పెట్టింది, కట్టు కట్టింది. రెండు గంటలయ్యాక అటువైపు తిప్పింది. ఆగి ఉన్న నెలల బాకీ కదా, తిప్పినప్పుడల్లా గోడ ఇంకాస్త వచ్చేది. బడి నుంచి వచ్చిన మనోజ్ఞకు ట్రంకుపెట్టె అందించింది, తర్వాత పొయ్యి, తర్వాత బిందెలు, తర్వాత తన పుస్తకాలు. పిల్ల ఒక్కొక్కటే మెట్ల మీద సర్దింది. సోమలింగం మొహం గోడకు తిప్పేసుకున్నాడు.

మధ్యలో హారతి గోడౌన్ సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది. "వినోద్‌భాయ్, సోమవారం నుంచి వస్త."

"ఆ జావ్, ఆ జావ్," అన్నాడు వినోద్. "తేరీ జగా ఖాలీ హై." ఆమె టేబుల్ ఇంకా ఖాళీగానే ఉందట.

రవీంద్ర పని నుంచి వచ్చి మెట్ల మీద ట్రంకుపెట్టె చూశాడు. అతనికి అర్థమైంది. చెప్పులు విడిచి లోపలికి వంగి తండ్రి భుజాల కింద చేతులు వేశాడు, హారతి కాళ్లు పట్టుకుంది. ముగ్గురూ గుమ్మం దాటగానే వెనక తలుపు దానంతటదే ముడుచుకుపోయింది. తర్వాత సర్కారు దవాఖాన డాక్టరు పుండు చూసి, ఇంకో రెండు రోజులు అట్లాగే ఉంచితే మనిషి దక్కేవాడు కాదన్నాడు.

అది తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం రవీంద్ర ఆటో కోసం కిందికి పరుగెత్తాడు. మెట్ల మలుపులో చాప మీద సోమలింగం, పక్కన మరకలైన తెల్ల యూనిఫాంలో హారతి. పొద్దున తిప్పిన దగ్గర్నుంచీ నోరు మెదపని ముసలాయన భోరుమని ఏడ్చాడు.

"నర్సమ్మవు గాకుంట చేసుకున్నవ్ గదనే బిడ్డా!"

"మాట్లాడకు మామా," అంది హారతి, ఆయన భుజం మీద ఒక చెయ్యి, నడుం మీద ఒక చెయ్యి వేస్తూ. "టైమైంది. జర ఇటు తిరుగు."

ఆయన ఏడుస్తూనే తిరిగాడు.