కొత్త బండి సీటు

మా ఫైర్ స్టేషన్‌లో రెండు బండ్లున్నాయి. పాతదాన్ని పదకొండేళ్లుగా నేనే తోలుతున్నాను. గేరు మార్చాలంటే దాన్ని బతిమాలుకోవాలి. ఎత్తు రోడ్డు మీద సైకిళ్లు కూడా దాన్ని దాటిపోతాయి. నాలుగు నెలల క్రితం కొత్త బండి వచ్చింది. మీట నొక్కితే చాలు పంపు తిరుగుతుంది, నిచ్చెన దానంతటదే లేస్తుంది. దాని సీటు నాదేనని స్టేషన్ గోడలకు కూడా తెలుసు. ఆఫీసరు మాత్రం తాళాలు తీసుకెళ్లి మా బావమరిది చేతిలో పెట్టాడు.

బావమరిదంటే నా చెల్లెలి మొగుడు. వాణ్ణి ఈ ఉద్యోగంలోకి తెచ్చింది నేను, స్టీరింగు పట్టడం నేర్పింది నేను. "బావకే ఇవ్వండి సార్" అని ఒక్క మాటంటే వాడి సొమ్మేం పోయింది? పళ్లికిలిస్తూ తాళాలు పుచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి వాడితో మాటలు మానేశాను. వాడూ తగ్గలేదు. చెల్లెలు ఎన్నిసార్లు సర్దిచెప్పబోయిందో! ముందు నోరు విప్పినవాడు ఓడినట్టేనని ఇద్దరం బిగుసుకు కూర్చున్నాం.

మా పనిలో ఒక పద్ధతుంది. బయటికెళ్లొచ్చిన బండికి నీళ్లు నింపాకే ఎవరైనా టీ ముట్టాలి. నింపిన డ్రైవరు "ట్యాంకు నిండు" అని అరవాలి. రెండో డ్రైవరు మట్టం చూపించే గాజు గొట్టం చూసి "చూశాను, నిండు" అని బదులు అరవాలి. మాకు మాటల్లేవు కదా, అందుకని గోడ మీది పలకపై వాడొక టిక్కు పెడతాడు, పక్కన నేనొకటి పెడతాను. ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ ఉదయం వాడు బడి పిల్లల ముందు పంపు ఆడించి, నీళ్లన్నీ చిమ్మేసి వచ్చాడు. మధ్యాహ్నం పెద్దాఫీసరు తనిఖీ ఉంది. అందుకని దిగీ దిగగానే గుడ్డ పట్టుకుని బండి తుడవడం మొదలెట్టాడు. తుడిచి తుడిచి, పలక మీద టిక్కు పెట్టి లోపలికి పోయాడు. నేను వెళ్లి గాజు గొట్టం చూశాను. చుక్క నీళ్లు లేవు.

సంతోషించాను. దాచడమెందుకు, ఈల వేసినంత పని చేశాను. పెద్దాఫీసరు పంపు ఆడించమంటాడు, పైపులోంచి గాలి వస్తుంది, సాయంత్రానికి తాళాలు నా జేబులో ఉంటాయి. పలక మీద నా టిక్కు పెట్టలేదు. అబద్ధం ఆడనివాణ్ణి కదా!

పెద్దాఫీసరు కన్నా ముందు గంట మోగింది. పరుపుల దుకాణంలో మంటలు. వాడు కొత్త బండెక్కి స్టార్ట్ చేశాడు. "ఆగరా" అంటే వినబడే దూరంలోనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. ముందు నేనే మాట్లాడినట్టవుతుందని మూసేశాను.

నా ముసలి బండి నాలుగు నిమిషాలు వెనకబడి చేరింది. అప్పటికి వాళ్ల పైపు నీళ్లు లేక రోడ్డు మీద చదునుగా పడి ఉంది. ఫైర్‌మన్ ఒకడు దాని మూతి పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"డ్రైవరేడి?" అన్నాను.

"దూది ఏకే తాత లోపలుండిపోయాడండి. మీ బండొచ్చేదాకా ఆగమన్నా వినకుండా వెళ్లిపోయాడు."

మా బండి నీళ్లు గుమ్మం మీదికి వదిలాం. ఆ నీళ్లలోంచే వాడు తాతను భుజాన వేసుకుని వచ్చాడు. తాతకు దగ్గు తప్ప ఏమీ కాలేదు. వాడి చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. వాడి మంచితనం కూడా ఆ క్షణాన నాకు గిట్టలేదు.

ఆసుపత్రిలో ఆఫీసరు వాణ్ణి అడుగుతుంటే వరండాలో ఉన్న నాకు వినిపించింది. "నింపడం మరిచిపోయాను సార్. తప్పు నాదే" అన్నాడు. నా ఊసెత్తలేదు. ఆ చేతులతో ఇక బండి తోలలేడని డాక్టరు తేల్చేశాడు. ఆఫీసరు బయటికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు.

చెల్లెలు అది చూసింది. దగ్గరికొచ్చి అడిగింది.

"ట్యాంకు నువ్వు రోజూ చూస్తావు కదా అన్నయ్యా. ఇవాళ చూడలేదా?"

చూడలేదంటే సరిపోయేది.

"చూశాను" అన్నాను.

అది అరవలేదు, ఏడవలేదు.

"బావొచ్చాడా, బావని పిలువు అని ఆయన ఇందాకట్నుంచీ ఒకటే అడుగుతున్నారు" అంది. "రాలేదని చెప్తాను."

లోపలికెళ్లి తలుపేసుకుంది.