ఎర్ర పెన్సిలు పట్టిన తప్పులు

నాటకాల కంపెనీలో ఆయన్ని అందరూ గుసగుస గారు అనేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో! ముప్పై ఒక్క ఏళ్ళు తెర పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, మాట మరిచిపోయిన నటులకి ఆ మాట గుసగుసగా అందించడం ఆయన ఉద్యోగం. దాంతోపాటు ఇంకో పని కూడా ఉండేది. రాసింది రాసినట్టు చెప్పకుండా ఎవరైనా సొంత మాట అంటే, ఆ మాటని పుస్తకం అంచున ఎర్ర పెన్సిలుతో తేదీ వేసి మరీ ఎక్కించాలి. వారానికోసారి యజమాని ఆ పుస్తకం తెరిచి, తప్పు చేసినవాళ్ళకి గట్టిగా తలంటేవాడు.

అందరికంటే ఎక్కువ తలంట్లు పెద్దక్కకే పడేవి.

పెద్దక్క నిజానికి అక్కడ ఎవరికీ అక్క కాదు. వరసగా మూడు నాటకాల్లో అక్క వేషం వేసేసరికి ఆ పిలుపు అతుక్కుపోయింది. దుస్తుల గదిలో గుండీలు కుట్టే పనికి చేరి, అక్కణ్ణుంచి వేదిక ఎక్కి, ఇరవై ఆరేళ్ళు ఆ కంపెనీని భుజాల మీద మోసిన మనిషి. ఆవిడ నోరు విప్పితే హాల్లో దగ్గొచ్చినవాళ్ళు కూడా బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు. తరవాత గొంతుకి ఆపరేషన్ అయింది. పక్కనున్నవాళ్ళకి వినబడేంత గొంతు మాత్రం మిగిలింది. అయ్యో పాపం, ఇక ఆవిడ కథ అయిపోయిందనుకున్నారంతా. నాలుగేళ్ళు తిరిగేసరికి ఒక వారపత్రికలో ఆవిడ నవల మొదలైంది. అప్పుడు చూడాలి, ముక్కున వేలేసుకోని వాడు లేడు!

కంపెనీ మూతపడ్డాక ఇంటిపట్టునే ఉంటున్న గుసగుస గారు ప్రతివారం ఆ నవల పొల్లు పోకుండా చదివేవాడు. ఐదో వారం ఒక వాక్యం దగ్గర కళ్ళు ఆగిపోయాయి. "నువ్వు వెళ్ళిపోతే ఏడవను. తలుపేసుకుని, రెండు కంచాలు కడిగి, ఒకటి బోర్లించి పెడతాను."

ఇది తను విన్న మాటే! అరవై ఆటలు, తెర పక్కనుంచి ఈ చెవులతోనే విన్నాడు. ఆ మరుసటి వారం ఇంకోటి, ఆపై వారం రెండు. కంపెనీ నాటకాలు పద్నాలుగూ రాసిన రచయిత గారు పోయి ఎనిమిదేళ్ళయింది. పోయినాయన సొత్తు ఇలా వాడుకోవచ్చా అని గుసగుస గారికి ఒళ్ళు మండింది.

మండితే మండింది, ఇంట్లో భార్యతో చెప్పుకుని ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే ఇంత కథే లేదు. నవల ముగిసే నాటికి, పాత నాటకాల మీద వ్యాసం రాస్తానంటూ ఒక పత్రికాయన వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఇతరుల మాటలు అందించిన మనిషిని మొదటిసారి ఎవరో సొంత మాట చెప్పమని అడిగారు. నోటిదూల ఆగుతుందా!

"పెద్దక్కా? రాయడమా?" అని నవ్వాడు. "ఉన్నమాట ఉన్నట్టు చెప్పడమే చేతకాదు బాబూ ఆవిడకి. ఆ మాటలన్నీ మా రచయిత గారివి. కావాలంటే ఎక్కడైనా చెబుతాను."

ఆదివారం అది పెద్ద అక్షరాలతో అచ్చయింది. మంగళవారం ఆ నవలని పుస్తకంగా వేస్తున్న ప్రచురణకర్త ఫోన్ చేసింది.

"సగం పైగా అచ్చయిపోయిందండీ. ఆపించాను. ఆవిడ్ని అడిగితే ఏమన్నారో తెలుసా? 'ఏళ్ళ తరబడి అనీ అనీ అన్నీ కలిసిపోయాయి, ఏది ఆయనదో ఏది నాదో నాకే తెలియడం లేదు, పుస్తకం ఆపేయండి, ఇక రాయను' అని చీటీ పంపారు. మీ దగ్గర ఆధారముంటే గురువారం పట్టుకురండి. ఉంటే పుస్తకమే ఆపేస్తాను. లేకపోతే..."

"ఎందుకుండదమ్మా? పుస్తకాలన్నీ నా పెట్టెలోనే ఉన్నాయి," అన్నాడు ధీమాగా.

ఆ మధ్యాహ్నమే మంచం కిందనుంచి పెట్టె లాగాడు. కంచాల మాట ఉన్న నాటకం తీశాడు. మూడో అంకం తెరిచాడు. అచ్చులో ఇలా ఉంది: "నీవు నన్ను వీడిపోయినచో నా హృదయవీణ తంత్రులు తెగిపోవును!"

కంచాలు లేవు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. అప్పుడు చూపు పుస్తకం అంచుకి వెళ్ళింది. అక్కడుంది ఎర్ర పెన్సిలుతో, తన గుండ్రటి చేతిరాతలో. కింద తేదీ, పక్కన 'తప్పు' అన్న ముక్క.

పుస్తకాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి మళ్ళీ చదివాడు.

రెండో వాక్యం వెతికాడు. అచ్చులో "మాతృహృదయము సాగరము వంటిది" అని ఉంది. అంచున ఎర్రగా: "పిల్లాడికి జ్వరం తగ్గింది. ఇక నాకొచ్చినా పరవాలేదు." మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. రచయిత గారి అచ్చు మాటల్లో ఒక్కటంటే ఒక్కటి ఆ నవలలో లేదు. నవలలో ఉన్నవన్నీ అంచుల్లో ఉన్నాయి.

"ఏమైందండీ, అలా గుడ్లప్పగించి చూస్తున్నారు?" అంటూ భార్య వచ్చింది. ఆయన కంచాల పేజీ తెరిచి పుస్తకం చేతిలో పెట్టాడు. ఆవిడ రెండూ చదివింది.

"ఈ వీణ గొడవ ఎప్పుడూ విన్నట్టే లేదే. ఆ కంచాల మాటకి మాత్రం, నాటకం చూసొచ్చి వారం రోజులు గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. అది ఆవిడ సొంతమా? మరి పేపరాయనతో ఆ కూతలేమిటండీ? అనేముందు ఈ పెట్టె ఓసారి తియ్యొద్దూ?"

"నా చెవుల మీద నమ్మకం," అన్నాడు నీరసంగా.

నేల మీదే చతికిలబడి ఆయన మొదటిసారి తన సొంత రాతని వరసగా చదవడం మొదలుపెట్టాడు. పెద్దక్క ఏదో నోటికొచ్చింది అనెయ్యలేదు. మొదటి ఆటలో "రెండు కంచాలూ కడుగుతాను" అంది, అంతే. తొమ్మిదో ఆటకి తలుపు వచ్చింది. పంతొమ్మిదో ఆటలో మధ్యలో ఒక "అయ్యో" ఉండేది, ఇరవయ్యో ఆటకి దాన్ని తీసిపారేసింది. ముప్పయ్యో ఆట దగ్గర మాట కుదిరింది. ఇక అక్కణ్ణుంచి అరవై దాకా అక్షరం మారలేదు. ఇది మతిమరుపు కాదు మహాప్రభో, కొట్టివేతలతో, దిద్దుబాట్లతో రాసుకోవడం! బల్ల లేదు, కాగితం లేదు. నాలుగొందలమంది కళ్ళెదుట, మొహానికి రంగేసుకుని, దీపాల వేడిలో నిలబడి ఆవిడ రాసుకుంది. పదడుగుల దూరంలో కూర్చుని ఆ రాతనంతా తను తేదీలు వేసి మరీ నేరాల కింద నమోదు చేశాడు. ఇలాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నానా అని ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రానికి ఇంకో బుద్ధి పుట్టింది. "చెదలు తినేశాయని చెబితే సరిపోదూ?" అన్నాడు మెల్లిగా. ముప్పై ఏళ్ళలో ఒక్క మాట తప్పుగా అందించలేదన్న పేరు ఆయనకున్న ఒకే ఒక్క ఆస్తి మరి.

"చెప్పండి. చెప్పొచ్చాక మీకు ముద్ద ఎలా దిగుతుందో నేనూ చూస్తా," అంది భార్య.

గురువారం పొద్దున్నే పెట్టెని ఆటోలో వేసుకుని, ముందు పత్రికాఫీసులో దిగాడు. 'నేను చెప్పింది అబద్ధం. ఆ మాటలు ఆవిడవే. సాక్ష్యం నా చేతిరాత' అని సంతకం పెట్టిన కాగితం ఇచ్చాడు. అక్కణ్ణుంచి ప్రచురణకర్త గదికి వెళ్ళాడు. బల్ల నిండా ప్రూఫు కాగితాలు, ఎక్కడ చూసినా జిగురు వాసన. కిటికీ పక్కన మెడకి శాలువా చుట్టుకుని పెద్దక్క కూర్చుని ఉంది.

ఆయన్ని చూసి ఆవిడే లేచింది. "బాగున్నారా గుసగుస గారూ? ఏమీ అనుకోకండి, మిమ్మల్ని శ్రమపెట్టాం. రచయిత గారివి ఏవేవో చెప్పండి, నా సంతకంతోనే తీసేయిస్తాను."

ఈ మర్యాదకి ఆయన సగం చచ్చాడు. నిలబడే పుస్తకం తెరిచి, అచ్చులో ఉన్నది చదివాడు, అంచున ఉన్నది చదివాడు. ప్రచురణకర్త చేతిలో కలం అలాగే ఆగిపోయింది.

పెద్దక్క దగ్గరికొచ్చి వంగి చూసింది. "ఈ కంచాలు... నావేనా?"

"మీవేనమ్మా."

"జ్వరం మాట?"

"అదీ మీదే. పన్నెండుసార్లు మార్చారు. అన్నీ రాసున్నాయి చూడండి."

ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతూ, ఒక్కోదాని మీద వేలు పెట్టి, ఇదీ నాదేనా, ఇదీ నాదేనా అని అడుగుతోంది. ఎవరింట్లోనో తన వస్తువులు కనబడినట్టు ఒకటే ఆశ్చర్యం. పద్నాలుగు పుస్తకాలూ అయ్యేసరికి టీ రెండుసార్లు చల్లారింది. ప్రచురణకర్త ఫోనెత్తి ప్రెస్సుకి చెప్పింది, "మళ్ళీ మొదలుపెట్టండి, అక్షరం మార్చొద్దు" అని.

అప్పుడు ఆయన పెట్టె అడుగునుంచి ఇంకోటి తీశాడు. అట్ట ఊడిపోయిన పాత ప్రతి, ఆ పద్నాలుగింట్లోనే ఒక సాంఘిక నాటకం తొలి కాపీ. "ఇది మీరు మొట్టమొదట వేదికెక్కిన రోజుది. పనిపిల్ల వేషం. అచ్చులో 'అయ్యగారూ, ఉత్తరం వచ్చింది' అని ఉంది. అంతకుమించి మీకు మాటే లేదు."

"మరి?"

ఆయన అంచున ఉన్నది చదివాడు. "అయ్యగారూ, ఉత్తరం వచ్చింది. రాసినవాళ్ళ చెయ్యి వణికినట్టుంది, కూర్చుని చదవండి."

పెద్దక్క ఆ ఎర్ర అక్షరాల మీద అరచెయ్యి ఆనించింది.

"నాకు పదిహేడేళ్ళు అప్పుడు," అంది ఆ మిగిలిన కాస్త గొంతుతో. "అప్పట్నుంచీ రాస్తూనే ఉన్నానా నేను?"

"రాస్తూనే ఉన్నారమ్మా," అన్నాడాయన. "నేనే తప్పనుకున్నాను."