పేరు కింది చిన్నక్షరాలు

రెండేళ్ళ క్రితం గొంతునొప్పికని వేసుకున్న మాత్రలు చిట్టి కాలేయంలో చిచ్చుపెట్టాయి. పైత్యరసం పారే సన్నటి నాళాలు ఒక్కొక్కటే మాయమైపోసాగాయి. పిల్ల పసుపుముద్దలా అయ్యి, దురద తట్టుకోలేక ఒళ్ళంతా రక్కేసుకుంది. చివరికి సగం నాళాలతో గట్టెక్కింది. "మళ్ళీ ఆ మందు పడిందా, ఈ మిగిలినవీ దక్కవు" అన్నాడు కాలేయం డాక్టరు.

అప్పటినుంచీ తల్లి గుండె గుప్పిట్లోనే ఉంది. చిట్టి తుమ్మితే చాలు, ఆస్పత్రి సంచి సర్దేసేది.

ఇవాళ చిట్టి దవడ వాచి, పళ్ళ డాక్టరు ముందు కూర్చుంది. ఆయన సొరుగులోంచి మాత్రల అట్ట తీశాడు.

"మీకేదో మందు పడదన్నారు, అది ఇది కాదుగా?"

చిట్టి పేరు చూసింది. ఆ పాత పేరు కాదు. "కాదండీ."

"ఇటివ్వండి బాబూ, ఒక్కసారి" అని తల్లి చెయ్యి చాపింది.

"మొదలెట్టావా అమ్మా! పరువు తియ్యకు."

తల్లి వినిపించుకోలేదు. ఆమె దర్జీ. మందుల మీది రాతలు చదవడం రాదు గానీ, రెండు దారాలు ఒకే రంగో కాదో ఇట్టే పట్టేస్తుంది. సంచిలోని సూదుల డబ్బాలో దాచిన పాత మాత్రల ఖాళీ అట్ట తీసి, రెండూ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టింది. సూదిమొనతో ఒక్కో అక్షరం తడుముకుంటూ పోయింది. పెద్దక్షరాలు వేరు. కింద చిన్నక్షరాలు మాత్రం చివరిదాకా అవే.

"డాక్టరుగారూ, చొక్కా మారింది గానీ మనిషి వాడే!"

"డాక్టరు నేనా, మీరా?"

"మీరే బాబూ. కానీ ఆర్నెల్లు దాని వీపు గోకింది నేను. ఈ మాత్ర దాని నోట్లోకి పోవాలంటే ముందు నన్ను దాటాలి." ఆమె రెండు అట్టలూ ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. చేతిలోంచి మాత్రం వదల్లేదు.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు.

"అదే మందు. కంపెనీ, పైన పెట్టిన పేరూ వేరు" అన్నాడు, గొంతు తగ్గించి. "మీ కాలేయం డాక్టరుతో మాట్లాడి వేరేది రాస్తాను."

ఆయన ఫోను అందుకున్నాడు. చిట్టి తల్లి వైపు తిరిగింది.

"ఆ ఖాళీ అట్ట ఇవ్వమ్మా, నా దగ్గర పెట్టుకుంటా."

"నీకా? రేపటికల్లా పారేస్తావు" అంటూనే తల్లి చిన్న కత్తెర తీసి అట్టను రెండుగా కోసింది. రెండు ముక్కల మీదా చిన్నక్షరాలు పూర్తిగా ఉన్నాయని చూసుకున్నాకే, ఒకటి కూతురి చేతిలో పెట్టింది.