నేల మీద పెట్టిన కత్తి

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు సంతమైదానంలో నన్ను నేల మీద పెట్టారు. ఎవరి కోసం పెట్టారో అతను తీసుకోలేదు. పక్కన నిలబడ్డవాడు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఒక కత్తిని. ‘ఏడుకోటలు’ అని ఫోన్లలో ఆడే ఆట ఒకటి ఉంది. అందులో ఉంటాను. ఒక ఆఫీసులో ఒకమ్మాయి నా బొమ్మ గీసింది. ఇంకొకతను నా దెబ్బకు ఎంత బలం ఉండాలో అంకె వేశాడు. ఆ అంకె కోసం తర్వాత చాలామంది తిండి మానుకున్నారు. గీసినమ్మాయి మాత్రం ఈ ఆట ఎప్పుడూ ఆడలేదట.

ఇవన్నీ నాకెలా తెలుసని అడగొచ్చు. ఆటలో ఎవరు ఏం మాట్లాడినా, ఏం రాసినా కంపెనీవాళ్ళ యంత్రంలో నిలవ ఉంటుంది. నేనూ ఆ యంత్రంలోనే ఉంటాను. ఎవరి సంచిలో ఉన్నా అన్ని మాటలూ వినిపిస్తాయి. ఆట బయట జరిగింది నాకు తెలియదు. తెలియనిది చెప్పను.

బాపట్లలో చదువుకునే ఒకతను ఆటలోని కొలిమిలో నన్ను తయారుచేసుకున్నాడు. పరీక్ష తప్పాక అమ్మేశాడు. కొన్నది ఒక కాంట్రాక్టరు. ఆయన నాతో ఒక్క యుద్ధం కూడా చేయలేదు. నన్ను భుజాన వేసుకుని సంతమైదానంలో నిలబడేవాడు. ఎవరైనా ఆగి చూస్తే కాసేపు కబుర్లు చెప్పి పంపేవాడు.

ఆటలో వస్తువు చేతులు మారడానికి ఒక పద్ధతి ఉంది. తెర మీద రెండు గళ్ళు తెరుచుకుంటాయి. ఒకరి వస్తువు ఒక గడిలో, రెండోవారిది రెండో గడిలో పెడతారు. ఇద్దరూ చూసుకుని ఒప్పుకున్నట్టు నొక్కితేనే అవి మారతాయి. ఎవరు ఎవరికి ఏమిచ్చారో కంపెనీ దగ్గర నమోదవుతుంది. ఆటగాళ్ళు దీన్ని తక్కెడ అంటారు.

తక్కెడ ఉన్నంత మాత్రాన సరిపోదు, కళ్ళు కూడా ఉండాలి. ఒకడు కాంట్రాక్టరు దగ్గరికి వచ్చి నాకు బదులు ఉక్కు డాలు ఇస్తానన్నాడు. గడిలో డాలు పెట్టాడు. “సార్, నెట్ పోయేట్టుంది” అని రద్దు చేసి, మళ్ళీ తెరిచి, “తొందరగా నొక్కండి సార్” అన్నాడు. రెండోసారి పెట్టింది అదే రంగు చెక్క డాలు. కాంట్రాక్టరు చూడకుండా నొక్కాడు. “బిల్లుల మీద సంతకాలు కూడా ఇట్లాగే పెడతానండీ, ఎప్పుడూ ఏం కాలేదు” అని తర్వాత సంతలో ఎవరితోనో చెప్పుకున్నాడు.

ఆ మోసగాడు నన్ను అమ్మకానికి పెట్టినప్పుడు పల్నాడు బ్యాచ్ కొన్నది. అంతా ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. తలా కొంత వేసుకుని కొన్నారు. అంటే నేను ఒకరి సొత్తు కాదు, అందరి సొత్తు. బ్యాచ్‌కు పెద్ద జాన్‌సైదా. నరసరావుపేటలో ఫోన్లు బాగుచేస్తాడు. మోసపోయినవాళ్ళు ముందు అతని కొట్టుకే వస్తారు. అందుకని బ్యాచ్‌కు నియమాలు పెట్టాడు. ఓటీపీ అడిగినవాడిని తిట్టి పంపాలి. ఆట బయట అమ్మకాలూ కొనుగోళ్ళూ లేవు. ఎంత దగ్గరివాళ్ళయినా ఫోన్ నంబర్లు ఇచ్చుకోకూడదు. అసలు పేర్లు కూడా అడగకూడదు.

నన్ను ఎవరి దగ్గర ఉంచాలన్న మాట వచ్చినప్పుడు అందరూ ఒకే పేరు చెప్పారు. కారంపొడి.

ఖాతా తెరిచేటప్పుడు ఆమె ఇచ్చిన పేరు పేరిందేవి. బ్యాచ్‌లో ఆ పేరు ఎవరికీ తెలియదు. సత్తెనపల్లిలో ఆమెకు కారం మర ఉందని మాత్రం తెలుసు. మైకు తెరిస్తే ముందు మర చప్పుడు వచ్చేది, తర్వాత ఆమె గొంతు.

“అక్కా, మర ఆపన్నా ఆపు, మైకన్నా ఆపు. ఇక్కడ మా ఆవిడ తుమ్ముతోంది” అనేవాడు బుల్లెట్. అతను వినుకొండ నుంచి ఆడేవాడు. ఆటలో పెట్టుకున్న పేరు అది.

“మీ ఆవిడకి చెప్పు, ఈసారి బాడిగి కాయ కలిపానని. మంట తక్కువ.”

మరలో ఎవరూ నిలబడి మాట్లాడరని ఆమె ఒకసారి జాన్‌సైదాతో అన్నది. మిరపకాయల సంచి దించుతారు, ముక్కుకు గుడ్డ కట్టుకుని బయట నిలబడతారు, ఆడాక తీసుకుపోతారు. రోజంతా మనుషులు వస్తారు, రోజంతా మాట ఉండదు. ఫోన్లోకి కారం రాదు కాబట్టి ఇక్కడ ఆగి మాట్లాడతారు. ఆ బ్యాచ్‌లో ఆమెకున్నది అదే.

మొదటి యుద్ధం ముందు బుల్లెట్‌కు నన్ను ఇవ్వాల్సి వచ్చింది. ఆమె నన్ను బ్యాచ్ కోట ముంగిట్లో నేల మీద పెట్టి పక్కకు జరిగింది.

“కత్తి కింద పడేశావేందక్కా?”

“పడెయ్యలా. పెట్టా. తీసుకో.”

“తక్కెడ తెరవొచ్చుగా.”

“కత్తి చేతికియ్యకూడదు నాయనా, తగువొస్తది. మా మర కాడ కారం పొట్లం కూడా చేతికియ్యను. బల్ల మీద పెడతా, వాళ్ళే తీసుకుంటారు.”

“ఇది ఫోనక్కా.”

“ఫోన్లో తగువులు రావా?”

బుల్లెట్ వంగి తీసుకున్నాడు.

జాన్‌సైదా ఒప్పుకోలేదు. నేల మీద ఉన్న వస్తువు ఎవరిదీ కాదని, ముందు వంగినవాడిదని చెప్పాడు. అయితే కోట ముంగిట్లోకి బయటివాళ్ళు రాలేరు. అది చూసుకుని, “సరే, కోటలోపలైతే పెట్టు. బయట మాత్రం వద్దక్కా” అన్నాడు. “బయట నాకేం పనిరా సైదా” అన్నది ఆమె. కొన్నాళ్ళకు బ్యాచ్ అంతా అలాగే చేయసాగింది. కత్తి గాని, బల్లెం గాని నేల మీద పెట్టి జరగడం, అవతలివాడు తీసుకోవడం. తక్కెడ తెరిస్తే, “మన మధ్య తూకమేందిరా” అని ఎగతాళి చేసేవాళ్ళు. కొత్తవాళ్ళకు అదే ముందు నేర్పేవాళ్ళు.

సాంబయ్య కొత్తవాళ్ళలో ఒకడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ దగ్గర పనిచేస్తానన్నాడు. అది అతను చెప్పిన మాట, రుజువు లేదు. మిగతావాళ్ళు యుద్ధం అయ్యాక వెళ్ళిపోతే అతను ఉండేవాడు. “ఇయ్యాల మరలో ఏం కాయ ఆడావక్కా, తేజానా?” అని అడిగేవాడు. ఆమె చెప్పేది. మర రాళ్ళకు గాట్లు ఎప్పుడు కొట్టించింది, మోటారు ఎందుకు వేడెక్కుతోంది, తొడిమలు తీయకుండా తెచ్చేవాళ్ళతో ఎలా వేగుతోంది. అతను మధ్యలో అడ్డం రాకుండా వినేవాడు. ఒకసారి యుద్ధంలో ఆమె మందుల సంచి మర్చిపోతే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. “మర్యాద తెలిసిన పిల్లోడు” అని ఆమె బ్యాచ్‌లో చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆ ఆదివారం ఐదింటికి బ్యాచ్ కోట మీద వేరే జట్టు దాడి ఉంది. దాడికి ముందు కోట తలుపులు మూసుకుంటాయి. సాంబయ్య బయటి నుంచి శత్రువు వెనక పడాలని అనుకున్నారు. జాన్‌సైదా కొట్లో ఎవరో ఫోన్ పట్టుకుని కూర్చున్నారట, అతను ఇంకా ఆటలోకి రాలేదు.

“అక్కా, నేను సంతలో ఇరుక్కుపోయా. కత్తి తెచ్చియ్యవా” అన్నాడు సాంబయ్య.

“పోయిరా అక్కా, తొందరగా. తలుపులు పడతయ్” అన్నాడు బుల్లెట్.

ఆమె సంతమైదానానికి వచ్చింది. సాంబయ్య అక్కడే ఉన్నాడు. కాస్త దూరంలో ‘గాలిపటం’ అన్న పేరుతో ఒకడు నిలబడి ఉన్నాడు. మైదానంలో ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. సాంబయ్య తనే తక్కెడ తెరిచాడు. ఆమె నన్ను గడిలో పెట్టబోతుండగా, పక్కనున్నవాళ్ళకే వినిపించే మైకులో మెల్లగా అన్నాడు.

“నేను తెరిచేశా గానీ, కత్తి గదక్కా. చేతికిస్తే నాకేం ఫర్లేదు. రేపు నీకూ నాకూ ఏదన్నా మాటొస్తే నా మీద పడెయ్యమాక.”

ఆమె నవ్వింది. “గుర్తుపెట్టుకున్నావే” అన్నది. తక్కెడ రద్దు చేసింది. నన్ను నేల మీద పెట్టి పక్కకు జరిగింది.

గాలిపటం వంగాడు.

“అయ్యో, ఎవడో ఎత్తుకపోతన్నాడు. ఉండక్కా, నేను పట్టుకుంటా” అని సాంబయ్య అతని వెనక పరుగెత్తాడు. ఏరు దాటాక ఇద్దరూ ఆగారు. అక్కడ గాలిపటం నన్ను సాంబయ్యకు ఇచ్చాడు. తక్కెడ తెరిచి, గళ్ళు చూసుకుని, ఇద్దరూ ఒప్పుకున్నట్టు నొక్కాకే ఇచ్చాడు. వాళ్ళిద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు.

ఆ సాయంత్రం బ్యాచ్ కోట పోయింది. తర్వాత అందరూ సంతలోనే ఒక మూల చేరారు. బ్యాచ్‌వాళ్ళకు కనిపించే రికార్డు ఇంతే. సాంబయ్య తక్కెడ తెరిచాడు. కారంపొడి రద్దు చేసింది. కారంపొడి కత్తిని నేల మీద వదిలింది. గాలిపటం తీసుకున్నాడు. మైకులో అన్న మాట ఆ రికార్డులో ఉండదు. అది అప్పుడు పక్కనున్నవాళ్ళకే తెలుసు, నాకు తెలుసు.

“నేను తక్కెడ తెరిచానన్నా, మీరే చూడండి” అన్నాడు సాంబయ్య. “అక్కే వద్దన్నది. పెద్దామె, నేనేమంటా.”

“నువ్వే గదరా గుర్తుచేసింది” అన్నది ఆమె.

“నేనా? నువ్వు అందరికీ నేర్పిందే గదక్కా.”

“అదీ సంగతి” అన్నాడు బుల్లెట్. “ఇన్నాళ్ళూ కింద పెట్టే అలవాటు మాకెందుకు చేసిందో ఇప్పుడు తెలిసింది. ఆ గాలిపటం ఎవరక్కా, మీ చుట్టమా?”

ఆమె మైకు తెరిచింది. మర చప్పుడు మాత్రం వచ్చింది. తర్వాత అదీ ఆగింది.

“నేను కింద పెట్టింది నిజం. తీసుకున్నోడు ఎవడో నాకు తెలవదు. నా దగ్గరున్న సామానంతా తీసుకోండి. దొంగనని మాత్రం అనమాకండి.”

జాన్‌సైదా కంపెనీకి ఫిర్యాదు రాశాడు. మీరు వస్తువును మీ ఇష్టంతో నేల మీద వదిలారు, వదిలిన వస్తువుకు కంపెనీ బాధ్యత లేదు అని జవాబు వచ్చింది. ఆమెను ఉంచాలా తీసేయాలా అని బ్యాచ్‌లో ఓటు పెట్టారు. తీసేయాలన్నవాళ్ళు ఎక్కువ. సాంబయ్య ఉంచాలని ఓటేశాడు. పెద్ద కాబట్టి మీట నొక్కాల్సింది జాన్‌సైదా.

“కొన్నాళ్ళు ఆగక్కా. వేడి తగ్గాక నేనే పిలుస్తా.”

“మరలో సంచులున్నయ్ సైదా. ఉంటా.”

అతను నొక్కాడు.

ఆ తర్వాత ఆమె ఒంటరిగా సంతమైదానానికి వచ్చేది. అక్కడ ఎవరైనా రాయగల పలక ఒకటి ఉంది. దాని మీద రాసేది. తక్కెడ లేకుండా ఎవరికీ ఏదీ ఇవ్వొద్దు. రద్దు చేసి మళ్ళీ తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. తొందర పెట్టేవాడికి అసలు ఇవ్వొద్దు. మనూరివాడని ఇవ్వొద్దు. మన మాట మాట్లాడతాడని ఇవ్వొద్దు. మన ఆచారం తెలిసినవాడైతే ఇంకా చూసుకోండి. పలక రోజూ చెరిగిపోయేది, ఆమె రోజూ రాసేది.

“ఆంటీ, పచ్చళ్ళు కూడా అమ్ముతారా?” అని కింద ఒకరు రాశారు. ఇంకొకరు నవ్వు బొమ్మ పెట్టారు. ఒకరోజు సాంబయ్య ఆ పలక ముందు ఆగాడు. నేను అతని సంచిలో ఉన్నాను. మొత్తం చదివాడు. ఆమె పక్కనే ఉంది.

“బాగా రాశావక్కా” అన్నాడు.

మర్నాటి నుంచి పలక మీద ఆమె రాత లేదు.

మార్కాపురం వైపు జట్టు ఒకటి సాంబయ్య చేతిలో విల్లు పోగొట్టుకుంది. వాళ్ళ ఫిర్యాదు మీద కంపెనీవాళ్ళు అతని పాత లావాదేవీలు తీశారు. గాలిపటం నన్ను తక్కెడలో అతనికిచ్చిన నమోదు దొరికింది. అదే ఆదివారం, అదే సాయంత్రం. రెండు ఖాతాలకూ తాళం వేశారు. సంత పలక మీద రెండు పేర్లూ పెట్టారు. తాళం పడ్డ ఖాతాలోని వస్తువులు ఎవరికీ తిరిగి ఇవ్వరు. నేను అందులో ఉన్నాను. విల్లు కూడా ఉంది.

పల్నాడు బ్యాచ్ మళ్ళీ చేరింది.

“ఆ రోజు పోయిరా అన్నది నేనే” అన్నాడు బుల్లెట్. “పిలువన్నా, అక్కని. నేను మాట్లాడతా.”

జాన్‌సైదా ఆమె పేరు కొట్టాడు. ఆ పేరుతో ఖాతా లేదని ఆట చూపింది. ఆమె తన ఖాతాను తనే రద్దు చేసుకుంది. ఎవరి దగ్గరా నంబరు లేదు. తర్వాతి వారం జాన్‌సైదా సత్తెనపల్లి వెళ్ళొచ్చానని చెప్పాడు. కనిపించిన కారం మరల్లో అడిగాడట. ఇక్కడ ఫోన్లో ఆటలాడే ఆడవాళ్ళు ఎవరున్నారు బాబూ అన్నారట. అసలు పేరేంటని అడిగారట, అది అతనికి తెలియదు. ఒక మర మూసి ఉందని, అది ఎవరిదో తెలియలేదని కూడా చెప్పాడు.

మొన్న బుధవారం కారంపొడి అన్న పేరు మళ్ళీ ఆటలో కనిపించింది. కనిపించగానే జాన్‌సైదా రాశాడు.

“అక్కా, నేను సైదాని.”

“ఎవరు బ్రో?” అని జవాబు వచ్చింది. “నాది గుంతకల్లు. పేరు ఖాళీగా ఉంటే తీసుకున్నా.”